కళాశాల మైదానం నుంచి బేస్‌బాల్ డ్రాఫ్ట్ వరకు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలను అమెరికాకు పంపిన కుటుంబాలు పెరుగుతున్న కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ ప్రస్తావన కూడా పెరుగుతోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అక్కడి కళాశాల ఆటగాళ్ళు వృత్తి జట్లలోకి వెళ్ళే పద్ధతి (దీనినే డ్రాఫ్ట్ అంటారు) గురించినవే కావడంతో శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా మేనల్లుడు టెక్సాస్‌లో పుట్టి పెరిగాడు. నాలుగేళ్ళ విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతూ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడుతున్నాడు. వయసు పంతొమ్మిది. ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో తనను ఎవరూ ఎంచుకునే వీలు లేదని అంటున్నాడు. అదే ఊళ్ళో రెండేళ్ళ కళాశాలలో చదివే అతని స్నేహితుడికి మాత్రం ఆ వీలుందట. పెద్ద కళాశాలలో చేరినందుకు మా వాడు నష్టపోయినట్టేనా? (ఒక గృహిణి, రాజాం)

సమాధానం: అమ్మా, మీ మేనల్లుడు చెప్పినది నిజమే. నష్టపోయాడా అన్నది మాత్రం వేరే విషయం. ముందు నిబంధన చెబుతాను. 1965లో మొదలైన ఈ డ్రాఫ్ట్‌లో, అత్యున్నత వృత్తి లీగైన మేజర్ లీగ్‌లోని ముప్పై జట్లు వరుస ప్రకారం ఒక్కొక్క ఆటగాడిని ఎంచుకుంటాయి. అలా ఒక వరుస పూర్తయితే ఒక రౌండు. ఆటగాడు దరఖాస్తు పెట్టుకోవలసిన పని లేదు. అర్హత ఉన్నవారందరూ జాబితాలో ఉన్నట్టే లెక్క. హైస్కూలు పూర్తి చేసి ఇంకా కళాశాలలో చేరనివారు ఒక వర్గం. నాలుగేళ్ళ కళాశాలలో చేరినవారు మూడో సంవత్సరం ముగించేవరకు గానీ, ఇరవై ఒక్క ఏళ్ళు నిండేవరకు గానీ ఆగాలి. రెండేళ్ళ కళాశాలల విద్యార్థులకు ఈ నిరీక్షణ లేదు. ఏ సంవత్సరంలోనైనా వారిని ఎంచుకోవచ్చు. మీ మేనల్లుడికి, అతని స్నేహితుడికి మధ్య ఉన్న తేడా ఇంతే.

ఈ తేడాను పూర్తిగా వాడుకున్న ఆటగాడిగా బ్రైస్ హార్పర్ పేరు చెప్పాలి. అతడు హైస్కూలులో రెండేళ్ళు చదివి, తత్సమాన పరీక్ష రాసి, సదరన్ నెవాడా కళాశాలలో చేరాడు. నాలుగేళ్ళ విశ్వవిద్యాలయంలో చేరి ఉంటే మూడేళ్ళు కదలడానికి ఉండేది కాదు. రెండేళ్ళ కళాశాల కావడం వల్ల ఒక్క సీజన్ ఆడి, 2010 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికయ్యాడు. అతడు ఆడిన కళాశాలల కూటమిలో చెక్క బ్యాట్లే వాడేవారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, అమెరికా కళాశాలల్లో సాధారణంగా లోహపు బ్యాట్లు వాడతారు, వృత్తి ఆటలో చెక్క బ్యాటు తప్ప మరొకటి చెల్లదు. కళాశాలలో భారీగా పరుగులు చేసిన బ్యాటర్ చెక్క బ్యాటుతో ఏం చేస్తాడోనన్న అనుమానం స్కౌట్లకు, అంటే వృత్తి జట్ల తరఫున ఆటగాళ్ళను గమనించేవారికి, ఎప్పుడూ ఉంటుంది. మసాచుసెట్స్ తీరంలో జరిగే కేప్ కాడ్ వేసవి లీగుకు అంత పేరు రావడానికి ఈ అనుమానమే కారణం: దేశంలోని మంచి కళాశాల ఆటగాళ్ళు అక్కడ చెక్క బ్యాటుతో ఆడతారు, స్కౌట్లు వెళ్ళి చూసుకుంటారు.

ఇక లాభనష్టాల మాట. ఎంచుకున్న జట్టుకు తప్ప మరే జట్టుకూ ఆ ఆటగాడితో ఆ ఏడాది బేరమాడే హక్కు ఉండదు. గడువు సుమారు రెండు వారాలు. అందువల్ల ఆటగాడి చేతిలో మిగిలే ఆయుధం ఒక్కటే: "మీ డబ్బు నాకు చాలదు, నేను తిరిగి చదువుకుంటాను" అనగలగడం. హైస్కూలు కుర్రవాడికి ముందు మూడేళ్ళ కళాశాల ఉంది కనుక అతని మాటకు బలం ఎక్కువ. మూడో సంవత్సరం ముగించిన విద్యార్థికి ఇంకొక ఏడాది మిగిలి ఉంటుంది. నాలుగో సంవత్సరం కూడా అయిపోయినవాడికి వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు. పలాస ప్రాంతంలో జీడిపిక్కలను నిల్వ చేసుకోగల రైతు ధర గురించి మాట్లాడగలడు, ఈ వారమే అమ్మక తప్పని రైతు వ్యాపారి చెప్పిన ధరకే ఇస్తాడు. డ్రాఫ్ట్ రోజున నాలుగో ఏడాది విద్యార్థి ఆ రెండో రైతు స్థితిలో ఉంటాడు. ప్రతిభ సమానంగా ఉన్నా అతనికి కొన్ని వేల డాలర్లే దక్కడం సర్వసాధారణం.

కాబట్టి, అమ్మా, మీ మేనల్లుడి అసలు సంవత్సరం వచ్చే ఏడాదే. అప్పుడు అతనికి అర్హతా ఉంటుంది, కాదనగల అవకాశమూ మిగిలి ఉంటుంది. కళాశాల ఆటగాళ్ళలో పేరున్నవారు ఎక్కువగా మూడో ఏడాది తరువాతే వెళ్ళిపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: నేను డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విరమణ పొందాను. చివరి రౌండ్లలో ఎంపికైనవారు కూడా గొప్పవారైనట్టు చదివాను. అలాంటప్పుడు మొదటి రౌండు కోసం అంత ఆరాటం ఎందుకు? చివరలో పిలిచినా వెళ్ళిపోవచ్చు కదా? (ఒక పాఠకుడు, ఆమదాలవలస)

సమాధానం: మాస్టారూ, మీరు చదివినది బహుశా మైక్ పియాజా గురించి అయి ఉంటుంది. మయామి విశ్వవిద్యాలయంలో ఎక్కువగా ఆడే అవకాశం రాక రెండేళ్ళ కళాశాలకు మారిన అతడిని 1988లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు 62వ రౌండులో, 1,390వ ఆటగాడిగా ఎంచుకుంది. అదైనా అతని తండ్రికి స్నేహితుడైన జట్టు మేనేజర్ టామీ లసోర్డా మాట సాయం వల్లనే. క్యాచర్‌గా (బ్యాటర్ వెనుక నిలిచి బంతి పట్టేవాడిగా) మారి, 1993లో ఉత్తమ నూతన ఆటగాడిగా నిలిచి, 2016లో బేస్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అయితే ఈ ఉదాహరణను నేటి కుర్రవాడికి చెప్పకూడదని నా అభిప్రాయం. ఆనాటి 62వ రౌండు ఈనాడు లేనే లేదు. 2019 వరకు నలభై రౌండ్లుండేవి. మహమ్మారి కారణంగా 2020లో అయిదే జరిగాయి. 2021 నుంచి ఇరవైకి స్థిరపరిచారు. పియాజా నేడు ఆడుతుంటే అతని పేరు పిలిచేవారే ఉండరు.

ఆల్బర్ట్ పూహోల్స్ కథ ఇంకా పనికొస్తుంది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి కుటుంబంతో అమెరికా చేరిన అతడు కాన్సాస్ సిటీలోని ఒక రెండేళ్ళ కళాశాలలో ఆడుతుండగా 1999లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 13వ రౌండులో ఎంచుకుంది. మొదట జట్టు ఇవ్వజూపినది పదివేల డాలర్లు. అతడు ఒప్పుకోలేదు. ఆ వేసవిలో మరొక లీగులో ఆడి సత్తా చూపించాక సుమారు అరవై వేలకు సంతకం చేశాడు. 2001లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 2022లో విరమించేనాటికి 703 హోమ్ రన్లు (మన సిక్సర్ల వంటివి) కొట్టాడు. పదివేలు కాదన్న ఆ కుర్రవాడికి అప్పటికి ఏ గ్యారంటీ లేదన్న సంగతి గమనించాలి.

చివరి రౌండులో పిలుపు వచ్చినా వెళ్ళక లాభపడినవారు కూడా ఉన్నారు. ఆరన్ జడ్జ్‌ను 2010లో హైస్కూలు నుంచి ఓక్లండ్ జట్టు 31వ రౌండులో ఎంచుకోగా, అతడు ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మూడేళ్ళ తరువాత న్యూయార్క్ యాంకీస్ అతడినే మొదటి రౌండులో, 32వ ఆటగాడిగా తీసుకుంది. 2022లో 62 హోమ్ రన్లతో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో రికార్డు నెలకొల్పినది అతడే. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను హైస్కూలు ముగించినప్పుడు ఏ జట్టూ పిలవలేదు. శాన్ డియేగో స్టేట్‌లో మూడేళ్ళు గడిపాక 2009లో దేశంలోనే మొదటి ఎంపికై, ఒక కోటి 51 లక్షల డాలర్ల ఒప్పందం పొందాడు. పదిహేడేళ్ళ వయసులో శరీరం ఎలా ఎదుగుతుందో ఎవరూ చెప్పలేరని మీ అనుభవంలో మీరే చూసి ఉంటారు. ఇలాంటివారికి కళాశాల చేసిన మేలు చదువు కంటే కాలవ్యవధి రూపంలో ఎక్కువ.

జేకబ్ డిగ్రోమ్‌ది మరొక రకం. స్టెట్సన్ విశ్వవిద్యాలయంలో అతడు షార్ట్‌స్టాప్ అనే స్థానంలో ఫీల్డింగ్ చేసేవాడు, మూడో ఏడాదిలో గానీ పిచ్చింగ్ మొదలుపెట్టలేదు. 2010లో తొమ్మిదో రౌండులో మెట్స్ జట్టు పిచ్చర్‌గా ఎంచుకుంది. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ పురస్కారాన్ని 2018లోనూ 2019లోనూ అందుకున్నాడు.

వీరంతా మినహాయింపులు, మాస్టారూ. ఎంపికైన రోజునే మేజర్ లీగ్‌లో ఆడరు. రూకీ స్థాయి నుంచి ట్రిపుల్-ఎ వరకు మైనర్ లీగుల మెట్లన్నీ ఎక్కాలి. 2023లో కుదిరిన ఒప్పందం తరువాత కూడా ఆ పైమెట్టు అయిన ట్రిపుల్-ఎ కనీస వార్షిక వేతనం ఆ ఏడాది 35,800 డాలర్లు, అట్టడుగున 19,800 డాలర్లు. అమెరికా ఖర్చులకు ఇది బొటాబొటి. సంతకం చేసేటప్పుడు వచ్చే బోనస్ చిన్నదైతే ఆ మెట్ల మీద ఎక్కువ కాలం నిలవడం కష్టం. జట్టు కూడా ఎక్కువ డబ్బు పెట్టినవాడికే ఎక్కువ అవకాశాలిస్తుంది. మొదటి రౌండు కోసం ఆరాటంలో ఈ లెక్క కూడా ఉంది.

ప్రశ్న: ఇది మన ఐపీఎల్ వేలం వంటిదేనా? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

సమాధానం: ఒక్క విషయంలో తప్ప పోలిక లేదు, రెండింటిలోనూ ఆటగాడు తన జట్టును తాను ఎంచుకోలేడు. వేలంలో రెండు జట్లు పోటీపడితే ఆటగాడి ధర పెరుగుతుంది. డ్రాఫ్ట్‌లో ఆ పోటీని ఉద్దేశపూర్వకంగానే తొలగించారు. మొదటి పది రౌండ్లలో ప్రతి ఎంపికకూ ఒక నిర్ణీత విలువ ఉంటుంది. ఆ విలువల మొత్తం ఆ జట్టు బోనస్ నిధి. దానిని అయిదు శాతానికి మించి దాటితే భవిష్యత్తులో మొదటి రౌండు ఎంపికను వదులుకోవలసి వస్తుంది. పైగా మొదటి పది రౌండ్లలో ఎంచుకున్నవాడు సంతకం చేయకపోతే అతని విలువ నిధి నుంచి తీసివేస్తారు. జట్లు దీనిలోనూ ఒక ఉపాయం కనిపెట్టాయి: ఎనిమిది, తొమ్మిది రౌండ్ల ప్రాంతంలో ఇంతకు ముందు చెప్పిన నాలుగో ఏడాది విద్యార్థులను తీసుకుని, వారికి తక్కువ ఇచ్చి, మిగిలిన సొమ్మును బెట్టు చేస్తున్న హైస్కూలు కుర్రవాడికి మళ్ళిస్తాయి. అందువల్ల ఎనిమిదో రౌండులో ఎంపికైనవాడికి పదకొండో రౌండు వాడికంటే తక్కువ ముట్టడం కూడా జరుగుతుంది. రౌండు సంఖ్య చూసి ఆటగాడి విలువ కట్టకూడదు.

మీ ఊరి మహారాజకుమార్ విజ్జీ పేరిట మన దేశంలో విశ్వవిద్యాలయ జట్లకు క్రికెట్ ట్రోఫీ ఉంది. కానీ మన దగ్గర విశ్వవిద్యాలయ క్రికెట్ నుంచి నేరుగా వృత్తి జట్టులోకి తీసుకెళ్ళే దారి అంటూ ఏదీ లేదు. రాష్ట్ర సంఘం జట్టు మీదుగానే వెళ్ళాలి. అమెరికాలో కళాశాల జట్టే ఆ పని చేస్తుంది.

ప్రశ్న: కళాశాల ఆటగాళ్ళు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారిపోతున్నారని విన్నాము. మధ్యలో మారినవారిపై జట్లకు చులకన భావం ఏర్పడదా? (ఇంజనీరింగ్ విద్యార్థి తండ్రి, బొబ్బిలి)

సమాధానం: ఒకప్పుడు మారినవాడు ఒక సీజన్ ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. బదిలీ కోరేవారి పేర్లు నమోదు చేసే పోర్టల్ 2018లో వచ్చింది, తరువాత ఆ ఏడాది నిరీక్షణ కూడా పోయింది. 2021 జూలై నుంచి కళాశాల ఆటగాళ్ళు తమ పేరు ప్రతిష్ఠలపై ఆదాయం పొందవచ్చు. ఈ రెండింటి ప్రభావం ఒక్క ఆటగాడిలో చూడాలంటే పాల్ స్కీన్స్‌ను చూడాలి. అతడు అమెరికా వైమానిక దళ అకాడమీలో క్యాడెట్‌గా చేరి, రెండేళ్ళపాటు క్యాచర్‌గానూ పిచ్చర్‌గానూ ఆడాడు. అక్కడ మూడో సంవత్సరం మొదలుపెట్టినవారు సైనిక సేవకు కట్టుబడాలి. ఆ గడప దాటకముందే అతడు లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి మారి, క్యాచింగ్ వదిలి, పూర్తిగా పిచ్చింగ్ మీద దృష్టి పెట్టాడు. 2023లో ఆ జట్టు కళాశాలల జాతీయ చాంపియన్‌గా నిలిచింది. కొద్ది వారాల్లో జరిగిన డ్రాఫ్ట్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతడిని మొదట ఎంచుకుని 92 లక్షల డాలర్లు ఇచ్చింది. రెండో ఎంపిక డిలన్ క్రూస్ కూడా అదే జట్టు ఆటగాడు. ఒకే కళాశాల జట్టు నుంచి మొదటి ఇద్దరూ రావడం అంతకు ముందెన్నడూ జరగలేదు. స్కీన్స్ 2024లో మేజర్ లీగ్ రెండో విభాగమైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ నూతన ఆటగాడు, 2025లో సై యంగ్ విజేత. కాబట్టి చులకన భావం సంగతి అటుంచండి; బలమైన జట్ల మధ్య ఆడి నెగ్గుకొచ్చినవాడికే స్కౌట్లు ఎక్కువ విలువ ఇస్తారు.

అయితే దీనికి మరో వైపు ఉంది. పెద్ద విశ్వవిద్యాలయాలు ఇతర కళాశాలల్లో తయారైన ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళవారిని తెచ్చుకుంటే, హైస్కూలు నుంచి వచ్చే పద్దెనిమిదేళ్ళవాడు బెంచీ మీద కూర్చుంటాడు. ఆడనివాడిని ఏ స్కౌటూ చూడడు. ఆరంభంలో పేరున్న కళాశాల కంటే ఆడనిచ్చే కళాశాలే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: పిచ్చర్ల మోచేతికి శస్త్రచికిత్సలు జరుగుతుంటాయని మా అబ్బాయి చెబుతాడు. ఎంపికైన తరువాత వైద్య పరీక్షలో లోపం బయటపడితే ఆ కుర్రవాడి గతి ఏమిటి? (ఒక తల్లి, శ్రీకాకుళం)

సమాధానం: మీ ప్రశ్నకు కుమార్ రాకర్ జీవితమే సమాధానం. అతని తల్లి భారతీయ సంతతికి చెందినవారు, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2018లో హైస్కూలు నుంచి 38వ రౌండులో పిలుపు వచ్చినా కుమార్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, మొదటి ఏడాదే డ్యూక్ విశ్వవిద్యాలయ జట్టుపై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా పందొమ్మిది మందిని స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేకపోయేలా చేసి ఔట్) చేశాడు. 2021లో మెట్స్ జట్టు పదో ఆటగాడిగా ఎంచుకుంది. అరవై లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్ష ఫలితాలు చూశాక జట్టు అసలు ఒప్పందమే ఇవ్వలేదు. అతడిని వదులుకున్నందుకు జట్టుకు మరుసటి ఏడాది పరిహారంగా మరో ఎంపిక లభించింది. కుమార్‌కు లభించినది ఏమీ లేదు. అన్యాయమనిపిస్తుంది, నిజానికి అన్యాయమే.

కుమార్ తిరిగి కళాశాలకు వెళ్ళలేదు. ఏ మేజర్ లీగ్ జట్టుకూ చెందని ఒక స్వతంత్ర లీగులో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే జట్టు తరఫున 2022 వేసవిలో కొన్ని ఆటలు ఆడి, తన చేయి పనిచేస్తోందని అందరికీ చూపించాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో టెక్సాస్ రేంజర్స్ మూడో ఆటగాడిగా ఎంచుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. మీరు భయపడిన మోచేతి శస్త్రచికిత్స 2023లో జరగనే జరిగింది. దాని నుంచి కోలుకుని 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడాడు.

2022 నుంచి ఒక రక్షణ ఏర్పడింది. డ్రాఫ్ట్‌కు ముందే నిర్ణీత వైద్య పరీక్షలకు ఒప్పుకున్న ముఖ్య ఆటగాళ్ళకు, ఎంచుకున్న జట్టు ఆ స్థానపు విలువలో కనీసం 75 శాతం ఇవ్వజూపాలి. వైద్య కారణం చూపి తప్పుకోకూడదు. మీ అబ్బాయి ఎప్పటికైనా ఆ స్థాయికి చేరితే పరీక్షలు చేయించుకోవడమే మంచిది.

ప్రశ్న: మన తెలుగు పిల్లలెవరైనా డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారా? ఇక్కడ పుట్టినవారికి ఆ దారి ఉందా? (ఒక పాఠకుడు, పలాస)

సమాధానం: అర్జున్ నిమ్మల అన్న పేరులోని ఇంటిపేరు మన చెవికి కొత్తది కాదు. భారతదేశం నుంచి వెళ్ళి ఫ్లోరిడాలో స్థిరపడిన దంపతుల కుమారుడైన ఇతడిని 2023లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులో, ఇరవయ్యో ఆటగాడిగా ఎంచుకుంది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో సీటు సిద్ధంగా ఉండగా, దానిని వదిలి ముప్పై లక్షల డాలర్లకు సంతకం చేశాడు. ఆ సీటు లేకపోతే అంత మొత్తం వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఇక్కడ పుట్టినవారి సంగతి వేరు. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలకు చెందనివారు డ్రాఫ్ట్‌లోకి రారు, ఏ జట్టుతోనైనా నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. బంతి విసిరే పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో పైరేట్స్‌తో సంతకం చేసినది ఆ విధంగానే. కానీ విదేశీయుడు అమెరికా కళాశాలలో చేరితే డ్రాఫ్ట్ నిబంధనలే వర్తిస్తాయి. సిడ్నీ నుంచి వెళ్ళి ఒరెగాన్ స్టేట్‌లో చదివిన ట్రావిస్ బజానా 2024లో మొట్టమొదటి ఎంపికయ్యాడు. ఆస్ట్రేలియాలో పిల్లలకు చిన్ననాటి నుంచి క్లబ్బులున్నాయి. మన పాఠశాలల్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ పోటీలున్నా ఆ స్థాయి శిక్షణకు ఇంకా చాలా దూరం ఉంది.

ప్రశ్న: మూడో ఏడాదిలోనే వెళ్ళిపోతే డిగ్రీ ఏమవుతుంది? ఎవరూ ఎంచుకోకపోతే ఏమవుతుంది? (అధ్యాపకురాలు, సాలూరు)

సమాధానం: సంతకం చేసేటప్పుడే మిగిలిన చదువు ఖర్చును జట్టు భరించేలా ఒప్పందంలో రాయించుకునే పథకం ఉంది. ఆట ముగిశాక నిర్ణీత గడువులో చదువు మొదలుపెట్టాలి. గడువు దాటితే ఆ సొమ్ము పోతుంది కనుక తల్లిదండ్రులు బోనస్ అంకెతో పాటు ఈ నిబంధనను కూడా చదవాలి. కళాశాల బేస్‌బాల్‌లో పూర్తి ఉచిత విద్య ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. చాలా ఏళ్ళపాటు అగ్రశ్రేణి జట్టుకు 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటిని ఇరవై ఏడు మంది వరకు పంచుకునేవారు. 2025లో ఆ పరిమితిని తొలగించి, ఆటగాళ్ళకు ఆదాయంలో వాటా ఇచ్చే కొత్త ఒప్పందంలో చేరిన కళాశాలల జట్లకు 34 మంది అనే పరిమితి పెట్టారు. ఉన్నవారికి సాయం పెరగవచ్చు, చోటు దొరకనివారు కూడా పెరుగుతారు.

ఎవరూ ఎంచుకోని కళాశాల ఆటగాడు ఏ జట్టుతోనైనా సంతకం చేయవచ్చు. 1,50,000 డాలర్ల వరకు జట్టు బోనస్ నిధిలో లెక్కకు రాదు. ఎంచుకున్న జట్టు ఒక్కదానితోనే మాట్లాడవలసిన ఇరవయ్యో రౌండు ఆటగాడి కంటే, తనకు ఖాళీ ఉన్న జట్టును వెతుక్కోగల ఇతని స్థితి ఒక్కోసారి మెరుగు. సంతకం చేయకుండా ఇంకా అర్హత మిగిలి ఉన్నవారు కళాశాలకు తిరిగి వెళ్ళి మరుసటి జూలైలో మళ్ళీ జాబితాలోకి వస్తారు.